పోస్టరు వెనక పదకొండు బావులు

బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు, ఒక చివర ఆమె, ఇంకో చివర పక్క గది అమ్మాయి, మధ్యలో ఆయమ్మ, వార్డెన్ గది తలుపు మూసి ఉంది, గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది, పదకొండుకే కదా రమ్మన్నారు అని ఆయమ్మ అప్పటికి రెండుసార్లు అంది, లోపల వార్డెన్ ఫోన్లో ప్లంబరుతో మాట్లాడుతోంది, ట్యాంకు కారుతోందట, మొన్న వస్తానన్నావు, నిన్న వస్తానన్నావు, ఇవాళ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు అంటోంది, ఆ ప్లంబరు ఇంకో గంట అలాగే తిట్లు తింటూ ఉంటే బాగుండునని ఆమె అనుకుంది, అనుకుని, తన గతి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంది, ముక్కూ మొహం తెలియని ప్లంబరు తిట్లు తింటే తప్ప తనకు ఊపిరాడని దాకా వచ్చింది.

ఎదురుగా గోడ మీద ఆమె పోస్టరే ఉంది. చెత్త అనేది లేదు, వేరు చేస్తే అన్నీ పనికొచ్చేవే. ఆ వాక్యం ఆమె రాసిందే, మూడు రోజులు కూర్చుని రాసింది, కింద మూడు డబ్బాల బొమ్మ, ఒకటి కాగితానికి, ఒకటి సీసాలకీ ప్లాస్టిక్‌కీ, ఒకటి వంటింటి తడి చెత్తకి. నాలుగు వందల పోస్టర్లు, మందం కాగితం మీద, రంగుల్లో, ఒకవైపే అచ్చు. ఒకవైపే ఎందుకు అని అప్పుడు ఎవరూ అడగలేదు, గోడకి అంటించే దానికి రెండో వైపు ఎవరు చూస్తారు. కళ్ళు పక్కకి తిప్పుకుంటే ఆయమ్మ చేతులు కనపడుతున్నాయి, తడి ఇంకా ఆరలేదు, మెట్లు కడుగుతూ కడుగుతూ బకెట్ అక్కడే వదిలి వచ్చింది, మెట్ల దగ్గర ఆమె ఎదురుపడితే, నాతో రా తల్లీ, ఒక్కదాన్నే పోవాలంటే కాళ్ళు రావట్లేదు అంది, అందుకే ఆమె ఇక్కడ ఉంది, వార్డెన్ ఆమెను పిలవలేదు, ఎవరూ పిలవలేదు, పిలిచే కారణం ఎవరికీ తెలియదు.

విషయం చిన్నదే అని ఆదివారం నుంచీ తనకు తాను చెప్పుకుంటోంది. పక్క గది అమ్మాయి కాగితాలు వంటగది అలమారలోంచి పోయాయి. వంటగది తాళంచెవి ఒకటి ఆయమ్మ దగ్గర ఉంటుంది. కాబట్టి ఆయమ్మను పిలిచారు. ఆయమ్మ మీద ఇప్పటికే రెండు చీటీలున్నాయి, ఒకటి కుళాయి కట్టెయ్యడం మరిచిపోయినందుకు, ఇంకొకటి కాంట్రాక్టరు మనిషికి ఎదురు మాట్లాడినందుకు, మూడో చీటీ పడితే పదిహేడేళ్ళ పని పోతుంది. కాగితాలు తీసింది ఆయమ్మ కాదు. ఆ సంగతి బెంచీ మీద ఇద్దరికి తెలుసు, ఒకరు ఆయమ్మ, రెండోవారు ఆమె.

"ఏంటి డబ్బాల తల్లీ, అలా బిగుసుకుపోయావు?" అంది ఆయమ్మ. "పరీక్ష నాది కదా, నీకెందుకు చెమటలు?"

"ఏం లేదు ఆయమ్మా."

"నువ్వొచ్చావు, అదే చాలు. నా మాటంటే నీళ్ళ మీద రాత. నువ్వు చదువుకున్నదానివి, కప్పు గెలిచినదానివి. ఆయమ్మ అలాంటిది కాదండీ అని ఒక్క ముక్క అన్నావనుకో, మేడం వింటుంది."

"చెప్తాను," అంది ఆమె. ఏం చెప్తుందో అనలేదు, ఆయమ్మ అడగలేదు, అవతలి చివర ఉన్న అమ్మాయి తల తిప్పలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది, బస్సు కోసం చూసినట్టు.

డబ్బాల లీడర్ అని మొదట ఎవరు పెట్టారో తెలియదు, వెక్కిరింతగానే పెట్టారు, కప్పు వచ్చాక అదే బిరుదైంది. హాస్టళ్ళ మధ్య పోటీ, ఏడు నెలలు, ఏ హాస్టల్ ఎక్కువ బరువు వేరుచేసి రీసైక్లింగ్‌కి పంపితే దానిది గెలుపు. మొదటి నెల వంటగదిలో క్లాసు పెట్టింది, బల్ల మీద మూడు డబ్బాలు, ముందు ముప్ఫై మంది, అరటిపండు తొక్క ఎక్కడ, పెరుగు డబ్బా ఎక్కడ, మూతతోనా మూత తీసేసా, ఆటలా సాగింది, ఆ ఆటలోనే వెనక వరసలో కూర్చున్న ఈ అమ్మాయిని పైకి లేపింది, ఈ అమ్మాయి వేరే దేశం నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు, మన భాష పుస్తకాల్లో నేర్చుకుంది, తన ఈడు వాళ్ళని కూడా మీరు అంటుంది. మీ దేశంలో చెత్త ఎక్కడ వేస్తారు, అని అడిగింది అందరి ముందూ. ఆ అమ్మాయి ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది, పైకప్పు వైపు చూసి మరీ. తర్వాత అంది, "చెత్త అంటే ఎలాంటిది? ఒక ఉదాహరణ చెప్పండి." ముప్ఫై మంది నవ్వారు. అందరికంటే ముందు ఆమే నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది కాసేపటికి, ఇంట్లో నలుగురు నవ్వుతుంటే చుట్టం నవ్వినట్టు. ఆ నెల రిపోర్టులో ఆమె రాసింది, విదేశీ విద్యార్థుల్లో అవగాహన తక్కువ, వారి సంస్కృతిని అర్థం చేసుకుని ఓపికగా నేర్పాలి. రాసి, బాగా వచ్చింది అనుకుని, రెండుసార్లు చదువుకుంది. అది ప్రశ్న, జోకు కాదు అని ఇప్పుడు తెలుస్తోంది, మంగళవారం పదకొండుంబావుకి, ఈ బెంచీ మీద, ఆ అమ్మాయి నిజంగానే ఉదాహరణ అడిగింది, వాళ్ళింట్లో చెత్త అనే మాటకి తగ్గ వస్తువు వెతికితే దొరకలేదు, దొరకలేదు కాబట్టి అడిగింది. చెత్త అనేది లేదు అని ఆమె మూడు రోజులు కూర్చుని రాసింది, ఆ అమ్మాయికి అది పుట్టినప్పటినుంచీ తెలుసు, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, పడ్డాక కూడా బల్లి శకునాలు మానలేదు, ఓపికగా నేర్పింది.

వేయించిన గింజలు ఇచ్చింది ఒకసారి, గాజు సీసాలో పోసి. తిన్నాక సీసా కడిగి, మూత వేరుచేసి, రెండో డబ్బాలో వేసింది ఆమె, పద్ధతి ప్రకారం, మూత వేరుచేసినందుకు కాస్త గర్వంగా కూడా. నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. సీసా అడిగింది. వేసేశానే అంది ఆమె, ఇంకోటి ఇస్తాలే, నా దగ్గర బోలెడున్నాయి. పర్వాలేదండీ అని వెళ్ళిపోయింది. సీసా అంటే వాళ్ళకి ఇచ్చిపుచ్చుకోవడానికి ఉండే వస్తువేమో, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే వస్తువేమో, అడిగితే చెప్పేది, అడగలేదు. తను నేర్పడానికి వెళ్ళింది, నేర్పేవాళ్ళు ప్రశ్నలు వేసేది జవాబులు ముందే తెలిసినప్పుడు.

లోపల వార్డెన్ తుమ్మింది. ప్లంబరుతో మాటలు అయిపోయి ఇంకెవరితోనో మొదలయ్యాయి, ఈసారి పరుపుల సంగతి. ఆయమ్మ గడియారం చూసింది.

"మెట్ల మీద నీళ్ళు అలాగే వదిలేసొచ్చాను. ఎవరైనా జారి పడ్డారంటే అదో చీటీ," అంది. "నా చీటీలన్నీ మీ కాగితం డబ్బాలో వేస్తే ఓ పావు కిలో తూగుతాయి, ఇంకో కప్పు వస్తుందేమో చూడు."

ఆమె నవ్వాలి కాబట్టి నవ్వింది. కాగితం అన్న మాటకి చెయ్యి భుజం దాకా వెళ్ళింది, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి కథ చిన్నప్పుడు విని, వాడంత వెర్రివాడు ఎక్కడుంటాడు అనుకుంది, ఇప్పుడు తెలుస్తోంది, చెయ్యి దానంతటదే లేస్తుంది.

గురువారం పోటీ ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి బండి వస్తుంది, రెండింటికి ఆమె అంతస్తు అంతస్తూ తిరుగుతోంది కాగితం కోసం, పాత నోటీసులు, అట్టపెట్టెలు, సీనియర్లు వదిలేసిన నోట్సు, వంటగదిలో పై అలమార తెరిస్తే గుడ్డలో చుట్టి ఓ కట్ట కనపడింది, విప్పింది, తన పోస్టర్లే, అంటించమని ఈ అమ్మాయికి మొదటి నెల్లో ఇచ్చిన అరవైలో యాభై ఆరు. ఎవరూ వాడనివి, మూలన పడి ఉన్నవి, తన చేత్తో ఇచ్చినవి, తీసుకెళ్ళి వేసింది. అంతే. అందులో ఏముందో తను చూడలేదు. ఆదివారం నుంచీ ఈ నాలుగు మాటలు లోపల అరిగిపోయేదాకా తిప్పింది, మూలన పడి ఉన్నవి, చూడలేదు, మంచిపనికే వేసింది, వార్డెన్ అడిగితే ఇవే చెప్పొచ్చు, చెప్తే వార్డెన్ తల ఊపుతుంది, పాపం తెలీక వేసింది అంటుంది, ఆయమ్మ బతికిపోతుంది, తనూ బతికిపోతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ పిల్లికి ఒక సుఖం ఉంది, తాగడం అయ్యాక మూతి నాక్కుని వెళ్ళిపోతుంది, బెంచీ మీద కూర్చోదు.

మూలన పడి ఉన్నవి కావు. మూలన పడి ఉన్నవాటిని ఎవరైనా గుడ్డలో చుడతారా, గుడ్డకి ముడి వేస్తారా, రెండు ముడులు, ఒకదాని మీద ఒకటి, రెండోది గోటితో లాగితే గాని రాలేదు. ముడి విప్పుతూ అమ్మ గుర్తొచ్చింది, గుర్తొచ్చిన మాట నిజం, అమ్మ కూడా బట్టముక్కల సంచికి అలాగే రెండు ముడులు వేసేది. అమ్మ టైలరు. ఇంట్లో ఏదీ ఒక్కసారి పుట్టి ఒక్కసారి చావదు, నాన్న పాంటు చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ, నూనె డబ్బా బకెట్, బకెట్ తూటుపడితే మొక్కలకుండీ. ఐదో తరగతిలో నాన్న పాంటు కాలుతో పుస్తకాల సంచీ కుట్టి ఇచ్చింది అమ్మ, జేబు జేబులాగే ఉంచేసింది బయటికి, ఉపయోగం కదా అని, క్లాసులో పిల్లలు వెనక నుంచి వచ్చి ఆ జేబులో చేతులు పెట్టేవాళ్ళు, మీ నాన్న చిల్లర ఇచ్చాడా అని. వారం భరించింది, ఎనిమిదో రోజు పుస్తకాలు చేతుల్లో పట్టుకుని సంచీ బడి గోడ అవతలికి విసిరేసింది, పోయింది అని చెప్పింది ఇంట్లో. అమ్మ తిట్టలేదు. పోతే పోయింది, రెండో కాలు ఉందిగా, అని మర్నాటికి ఇంకోటి కుట్టింది, జేబుతో సహా. అప్పటి నుంచీ అనుకుంది, పెద్దయ్యాక అన్నీ కొత్తవి కొనుక్కుంటాను అని, యూనివర్సిటీకొచ్చి రీసైక్లింగ్ అన్న మాట విన్నాక అది అమ్మ చేసే పనే అని ఒక్కసారి కూడా తట్టలేదు, తట్టనివ్వలేదు, దీనికి పోస్టరు ఉంది, కప్పు ఉంది, దీన్ని చేసేవాళ్ళు ముక్కల సంచీల వాళ్ళు కారు. కప్పు వచ్చిందని ఫోన్ చేస్తే నాన్న బంధువులందరికీ ఫొటో పంపాడు, పెద్దమ్మ ఫోన్ చేసి, ఇంట్లో చీపురు పట్టని పిల్ల ఊరి చెత్త ఎత్తిందా అని పడీ పడీ నవ్వింది, అమ్మ మాత్రం ఫోన్ తీసుకుని ఒకే మాట అడిగింది, ఆ కాగితాలన్నీ ఏం చేస్తారే? నానబెట్టి గుజ్జు చేసి మళ్ళీ కాగితం చేస్తారమ్మా. అంత పని ఎందుకు, రెండో వైపు రాసుకోకూడదూ, అంది అమ్మ. నీకు తెలీదులే అమ్మా, అంది ఆమె. అది గురువారం రాత్రి. అప్పటికి బండి వెళ్ళి నాలుగు గంటలైంది.

రెండో వైపు. ముడి విప్పింది, పైన తన పోస్టరు, బోర్లా పెట్టి ఉంది, అంటే రాత పైకి ఉంది, ఏ కాగితం ఎత్తకముందే రాత కనపడింది, నీలం సిరా, పైన తేదీ, కింద ఒకటి నుంచి పదకొండు దాకా వరస, వరసకి పక్కన అంకెలు, గీత కొట్టి సరిచేసినవి, ఒక చోట నీళ్ళ చుక్క పడి అలుక్కుపోతే మళ్ళీ పక్కన రాసింది. చూసింది. నాలుగైదు కాగితాలు తిప్పి మరీ చూసింది, అన్నీ అలాగే ఉన్నాయి, తేదీలు మారుతున్నాయి, అన్నీ ఆదివారాలే. ఆదివారాలు అని ఎందుకు గమనించిందంటే ఆదివారం ఆ అమ్మాయి వంటగదిలో కూర్చుంటుంది, ఆ కిటికీ దగ్గరే ఫోన్ సరిగ్గా తగులుతుంది, చెవికి ఫోన్ పెట్టుకుని వాళ్ళ భాషలో గట్టిగా మాట్లాడుతూ రాసుకుంటుంది, అవతల మగగొంతు, మెల్లగా చెప్తాడు, ఈమె మళ్ళీ పైకి అంటుంది, అతను మళ్ళీ చెప్తాడు, ఓ గంట. కబుర్లు అనుకుంది ఆమె. కాస్త నెమ్మదిగా మాట్లాడు, మాకు పరీక్షలున్నాయి అని రెండుసార్లు చెప్పింది. రెండోసారి తర్వాత ఆ అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి మాట్లాడేది, రాయాలంటే తల లోపలికి తెచ్చేది, మళ్ళీ బయటపెట్టేది, చూసినవాళ్ళకి నవ్వొచ్చేది. అన్నీ తెలుసు. గుడ్డా, ముడీ, సిరా, ఆదివారం, అన్నీ ఒకటిగా కళ్ళ ముందుకొచ్చాయి గురువారం రెండున్నరకి, అయినా ఆ క్షణంలో లోపల లేచింది ఒకటే, నా పోస్టర్లు, ఏడు నెలలు, అరవై ఇస్తే నాలుగు అంటించి మిగతావి చిత్తు కాగితాలు చేసుకుంది, నా వాక్యం వెనక లెక్కలు రాసుకుంది, పైగా నా క్లాసులో చెత్త అంటే ఏమిటి అని అందరినీ నవ్వించింది. కట్ట రెండు చేతుల్తో తీసుకుని మెట్లు దిగింది. బోనులాంటి పెద్ద పెట్టె ఉంటుంది కాగితానికి, కిందికి వెయ్యలేదు, పైన వేసింది, మూడు అట్టపెట్టెలు తెచ్చి దాని మీద వేసింది. చూడకుండా వేసినవాళ్ళు పైన అట్టపెట్టెలు వెయ్యరు.

పత్తొమ్మిది కిలోల తేడాతో గెలిచారు. శనివారం నాడు ఆమె తన దగ్గర మిగిలిన వేరే పోస్టర్లు యాభై ఆరు లెక్కపెట్టి వంటగది కాటాలో పెట్టి చూసింది, ఒక కిలో నూట తొంభై గ్రాములు. అవి లేకపోయినా గెలిచేవాళ్ళు. గెలుపు కోసం చేసి ఉంటే కనీసం గెలుపు కోసం అని చెప్పుకోవచ్చు.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి అలమార తెరిచింది. ఆమె పొయ్యి దగ్గర పాలు కాస్తోంది. పై అలమార, దాని పక్కది, కిందవి రెండు, తర్వాత మళ్ళీ మొదటి నుంచి. ఏమైనా పోయిందా అని అడిగింది ఆమె, ఆ గొంతు తనదేనా అని ఇప్పటికీ అనుమానం. కాగితాలు, అంది. ఏం కాగితాలు? అప్పుడు చెప్పింది, వచ్చీ రాని మాటల్లో, పుస్తకంలోంచి ఏరుకున్న మాటల్లో, తమ్ముడు ప్రతి ఆదివారం పదకొండు బావులకి నడుస్తాడు, తాడుకి రాయి కట్టి దింపుతాడు, తడి ఎక్కడిదాకా వచ్చిందో బారల్లో, మూరల్లో కొలుస్తాడు, తమ్ముడికి రాయడం రాదు, తను చెప్తే ఈమె రాస్తుంది, అదే ఈమె థీసిస్, మొదటి ఏడు నెలలవి కంప్యూటర్లో ఎక్కించింది, తర్వాత కంప్యూటర్ చెడిపోయింది, ముప్ఫై ఆదివారాలవి కాగితాల మీదే ఉన్నాయి, గదిలో గోడ చెమ్మ, అందుకని ఇక్కడ పెట్టింది. తమ్ముడికి గుర్తుండవా అని అడిగింది ఆమె. "మీకు ఏడు నెలల క్రితం బావిలో నీళ్ళు ఎంత ఉన్నాయో గుర్తుంటుందా?" అంది ఆ అమ్మాయి, వెటకారం లేదు అందులో. పాలు పొంగాయి. ఆమె పొయ్యి కట్టి, వెతుకుదాం ఉండు అంది, అని తనూ వెతికింది, వంగి పొయ్యి కింద చూసింది, ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టింది, ఓ పావుగంట, అక్కడ లేవని తెలిసి. మోకాళ్ళకి మసి అయింది. లేచి, దులుపుకుంటూ అంది ఆ మాట. ఎవరూ అడగలేదు, ఎవరూ అనమనలేదు. ఆయమ్మ గానీ సర్దేసిందేమో, అంది. గుమ్మంలో ఆ అంతస్తు సెక్రటరీ నిలబడి ఉంది, విని, ఫిర్యాదు పుస్తకంలో రాసింది, సాయంత్రానికి వార్డెన్ బల్ల మీదికి చేరింది. నోట్లోంచి ఊడిపడ్డ నాలుగు మాటలు, పాంటు సంచీ గోడ అవతలికి విసిరినంత తేలిక.

సోమవారం గోడౌన్‌కి ఫోన్ చేసింది, బండి మీద నంబరు ఉంటే ఎక్కించుకుంది అప్పుడు. "గురువారం కాగితమా? ఇక్కడ కాగితం కొండలున్నాయమ్మా, మీది ఏ కొండ?" అన్నాడు ఆ మనిషి. నీలం సిరాతో రాసినవి అంది. అతను నవ్వలేదు, నెమ్మదిగానే చెప్పాడు, "తొట్టిలో పడ్డాక సిరా మొదట పోద్ది తల్లీ. అది పోగొట్టడమే మా పని."

"ఇదిగో, ఏడుస్తున్నావా ఏంటి?" అంది ఆయమ్మ.

"లేదు. దుమ్ము."

"పదిహేడేళ్ళ నుంచి ఊడుస్తున్నా ఇక్కడ, దుమ్ము ఎక్కడుందో నాకు చెప్తావా?" ఆయమ్మ కొంగు అంచుతో ఆమె మొహం తుడవబోయింది, మళ్ళీ, తడి కొంగు అని ఆగింది. "నాకేం కాదులే. ఇది పోతే ఇంకో చోట బకెట్లు లేవా? నీ మనసు మంచిది గనక నీకు బాధ."

ఆ మాట మీద తలుపు తెరుచుకుంది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. వార్డెన్ ముందు ఫిర్యాదు పుస్తకం ఉంది, చేతిలో రుమాలు ఉంది, నువ్వెందుకొచ్చావమ్మా అని ఆమెను అడిగింది, జవాబు వినకుండానే ఆయమ్మ వైపు తిరిగింది. "ఏం ఆయమ్మా, అలమారలు సర్దావా?"

"ఆయమ్మ కాదండీ," అంది పక్క గది అమ్మాయి. అందరూ అటు చూశారు. ఆయమ్మ కూడా చూసింది. "ఆ మాట చెప్పడానికే వచ్చాను. ఆయమ్మ గారు తియ్యలేదు. నాకు తెలుసు."

"మరి ఎవరు తీశారు?"

"అది నేను చెప్పకూడదండీ. మా ఊళ్ళో చేసినవాళ్ళ పేరు పోగొట్టుకున్నవాళ్ళు చెప్పరు. ఆ మాట చేసినవాళ్ళకే వదిలేస్తాం."

ఆమెకి ఫొటో గుర్తొచ్చింది. కప్పు ఫొటో హాస్టల్ గ్రూపులో శుక్రవారం నుంచీ ఉంది, బోను పక్కన ఆమె నవ్వుతూ నిలబడి ఉంది, అట్టపెట్టె పక్కనుంచి ఒక కాగితం మూల బయటికి వంగి ఉంది, నీలం గీతలు, ఆదివారం రాత్రి పెద్దది చేసి చూసుకుని, ఎవరికీ కనపడదులే అనుకుంది. కనపడాల్సిన మనిషికి ఆ ఆదివారమే కనపడింది. సోమవారం నీళ్ళ దగ్గర ఎదురుపడితే జరిగి దారి ఇచ్చింది, ఇవాళ ఒకే బెంచీ మీద అరగంట సేపు కూర్చుంది, వదిలేసిన మాట ఎవరైనా ఎత్తుతారేమోనని.

వార్డెన్‌కి ఇవేం పట్టలేదు, పరుపులవాడు మళ్ళీ ఫోన్ చేస్తున్నాడు. "సరే, మీ పద్ధతులు మీవి. ఆయమ్మ కాదన్నావు కదా, కొట్టేస్తున్నా. ఇక వెళ్ళండి," అని పుస్తకంలో గీత గీసింది. అయిపోయింది. ఆయమ్మ చేతులు జోడించింది. తలుపు తెరిచే ఉంది. బయటికి నాలుగు అడుగులు, మెట్లు దిగితే క్యాంటీన్, పన్నెండింటికి క్లాసు, ఎవరూ ఏమీ అడగరు ఇక.

"నేను వేశానండీ," అంది ఆమె.

వార్డెన్ తల ఎత్తింది. "ఏంటి?"

"ఆ కాగితాలు. గురువారం. బండిలో."

"అయ్యో, తెలీక వేసుంటావు. ఆ హడావిడిలో ఎవరు చూస్తారు..."

"చూశాను. రాసి ఉందని చూశాను. నా పోస్టర్ల మీద రాసిందని కోపం వచ్చి వేశాను." ఇంతవరకు చెప్పింది వార్డెన్‌కి, మిగిలింది వార్డెన్‌కి కాదు, అటు తిరగాలి, తిరిగింది. "ఆయమ్మా, నీ పేరు ముందు అన్నది కూడా నేనే. ఆదివారం. సర్దేసిందేమో అన్నాను."

ఆయమ్మ అర్థం కానట్టు చూసింది, అర్థమయ్యాక ఇంకాసేపు చూసింది. తిడుతుందనుకుంది ఆమె, తిడితే బాగుండేది.

"ఇంతమంది ఉన్నారు కదా తల్లీ," అంది ఆయమ్మ. "నా పేరే వచ్చిందా నోటికి?" జవాబు కోసం ఆగలేదు. మెట్లు కడగాలి మేడం అని వార్డెన్‌కి చెప్పి వెళ్ళిపోయింది. డబ్బాల తల్లీ అనలేదు. తల్లీ అన్నది కూడా అలవాటు కొద్దీ అన్నదే.

వార్డెన్ ఏదో మాట్లాడింది, కమిటీ అంది, కప్పు సంగతి ఆలోచించాలి అంది, లీడరుగా ఉండటం కుదరదేమో అంది, ఆమె అన్నిటికీ సరేనండీ అంది. కారిడార్లోకి వచ్చేసరికి పక్క గది అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో అట్ట, అట్ట మీద పదకొండు అచ్చు ఫారాలు, ప్రొఫెసరుకి ఇవ్వాల్సినవి. సారీ అనబోయింది ఆమె. ఆ అమ్మాయి పక్కకి జరిగి చోటిచ్చింది, కూర్చున్నాక అట్ట ఆమె ఒళ్ళోకి మార్చింది, ఒక గడి మీద వేలు పెట్టింది. కొలతలు లేని వారాలు, కారణం.

"ఇది రెండు రోజుల నుంచి ఖాళీగా ఉంది," అంది. "పోయాయి అని రాయలేను, మా తమ్ముడు చదివించుకుంటాడు. వాడు ఒక్క వారం కూడా పోగొట్టలేదు. మీరు రాయండి."

పెన్ను ఇచ్చింది. ఆమె రాసింది, ముప్ఫై వారాల కాగితాలు నా చేతుల్తో చెత్తలో వేశాను, రాత ఉందని చూసే వేశాను, కింద తన పేరు, తేదీ. గడి చాలలేదు, అంచులోకి వెళ్ళింది. ఆ అమ్మాయి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది, పెదవులు కదుపుతూ, చివరిదాకా. పెన్ను తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ప్రతి బావికీ ఒక కాగితం ఉంటుందండీ," అని, రెండో బావిది పైకి పెట్టింది.